దమ్ము చక్రాల బిగింపు, ట్రాక్టరు టైర్లలో గాలి: ఒడిశా సరిహద్దు వరి రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

వంశధార, మహేంద్రతనయ నదుల వెంబడి పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల, అటు పడమట జయపురం, మల్కన్‌గిరి దాకా ఉన్న తెలుగు రైతులూ ట్రాక్టరు డ్రైవర్లూ ఏటా దమ్ముకు, అంటే నీరు పెట్టిన మడిని బురదగా కలియదున్నడానికి, దిగే వేళ ఇంచుమించు ఒకే సందేహాలు అడుగుతున్నారు. చక్రం దిగబడిన తర్వాత వెతికే జవాబు ఆలస్యమైన జవాబే అవుతుంది కనుక, ఆ ప్రశ్నలను పని జరిగే వరుసలో ఇక్కడ కూర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకున్నా సరిపోతుంది. గాలి లెక్కలన్నీ మెకానిక్కులు వాడే పాయింట్లలోనే, అంటే పీఎస్ఐలోనే (చదరపు అంగుళానికి పౌండ్లు) ఇచ్చాం.

## దమ్ము చక్రాలు కొనే ముందు

మా పొలానికి అసలు దమ్ము చక్రాలు అవసరమా? రబ్బరు టైర్లతో పని కాదా?

ఈ ప్రశ్నకు జవాబు ట్రాక్టరు హార్స్‌పవర్‌లో లేదు, మీ మడి అడుగున ఉంది. ఏళ్ల తరబడి దమ్ము చేసిన ప్రతి వరి మడిలోనూ బురద కింద ఒక గట్టి పొర ఏర్పడుతుంది. సాధారణంగా అది 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున తగులుతుంది. టైరు ఆ పొర దాకా దిగి దాని మీద నిలబడగలిగితే చాలు, ట్రాక్టరు నడుస్తుంది. నీరు పెట్టి బాగా నానిన మడిలోకి వట్టికాళ్లతో దిగి నడిచి చూడండి. చీలమండ దాటి పిక్క మధ్య వరకే కాలు దిగితే సరైన గాలి ఉన్న రబ్బరు టైర్లతోనే దమ్ము అవుతుంది. పిక్క దాటి మోకాలి దగ్గరికి వస్తోందంటే టైరు పక్కన బిగించే ఇనుప దమ్ము చక్రాలు కావాలి. మోకాలు దాటి దిగిన చోట ఏ చక్రాలు వేసినా పెద్ద ట్రాక్టరును దింపవద్దు, అక్కడ పవర్ టిల్లరో ఎడ్లో మేలు. మడి అంతా ఒకేలా ఉంటుందని అనుకోకండి. కొండ పాదాన ఉన్న పొలాల్లో ఊట పుట్టే మూల ఒకటి ఉంటుంది, ట్రాక్టర్లు దిగబడేది ఎక్కువగా అక్కడే. ఆ మూలను ముందే నడిచి గుర్తించి, నాలుగు కర్రలు పాతి డ్రైవరుకు చూపించండి.

సగం చక్రాలా, పూర్తి ఇనుప చక్రాలా? ఏవి మంచివి?

రబ్బరు టైరును అలాగే ఉంచి దాని పక్కన అదనంగా బిగించేవి సగం చక్రాలు. రబ్బరు టైరును విప్పేసి దాని స్థానంలో బిగించేవి పూర్తి చక్రాలు. మన ప్రాంతంలో చిన్న చిన్న మడులు, ఒక ఊరి నుంచి మరో ఊరికి అద్దె పనులు ఎక్కువ కాబట్టి చాలామందికి సగం చక్రాలే సరిపోతాయని మా అభిప్రాయం. టైరు బరువు మోస్తుంది, ఇనుప పట్టీలు బురదను పట్టుకుంటాయి, రెండూ కలిసి బరువును వెడల్పుగా పరుస్తాయి. పూర్తి చక్రాలు లోతైన బురదలో బాగా లాగుతాయి గాని, గట్టి పొర మీద రాయి తగిలినప్పుడు ఆ దెబ్బను మింగే రబ్బరు లేక కుదుపంతా నేరుగా యాక్సిలుకూ గేరుపెట్టెకూ చేరుతుంది. పైగా ఇసుక పాలు ఎక్కువగా ఉన్న నేలల్లో అవి గట్టి పొరను చీల్చేస్తాయి. ఆ పొర చిరిగితే పెట్టిన నీరు నిలవదు, మరుసటి ఏడు అదే మడి మరింత లోతుగా దిగబడుతుంది.

ఎంత సైజు చక్రం తీసుకోవాలి?

ముందుగా మీ వెనుక టైరు పక్కన రాసి ఉన్న సైజు చూసుకోండి. మన దగ్గర 35 నుంచి 50 హార్స్‌పవర్ ట్రాక్టర్లకు 12.4-28, 13.6-28, 14.9-28 సైజులు ఎక్కువగా కనిపిస్తాయి. ఇందులో చివరి అంకె రిమ్ము వ్యాసం అంగుళాల్లో. సగం చక్రం వ్యాసం టైరు వ్యాసం కన్నా తప్పకుండా తక్కువ ఉండాలి. టైరులో సరైన గాలి పెట్టి ట్రాక్టరును గట్టి నేల మీద నిలబెట్టినప్పుడు పట్టీకీ నేలకూ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ కనిపించాలి. ఖాళీ లేకుంటే గట్టు మీదా కాలిబాట మీదా బరువంతా ఇనుము మీదే పడి బోల్టులు తెగుతాయి. వెడల్పు ఎక్కువైతే తేలిక అవుతుందని చాలామంది అత్యాశకు పోతారు. టైరు నుంచి దూరం జరిగిన ప్రతి అంగుళమూ యాక్సిలు బేరింగు మీద వంపు భారాన్ని పెంచుతుంది, ఆయిల్ సీలు ముందుగా పోతుంది. మీ మోడలుకు తయారీదారు సూచించిన వెడల్పును దాటవద్దు.

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు ఇవి పనికొస్తాయా?

సగం చక్రాలు పనికొస్తాయి, ఎందుకంటే నేల మీద తిరిగే రబ్బరు టైరు మారదు. పూర్తి చక్రాల విషయంలో జాగ్రత్త అవసరం. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు చక్రాల అంచు వేగం వెనుక చక్రాల కన్నా కొద్ది శాతం ఎక్కువ ఉండేలా ఫ్యాక్టరీలోనే గేర్లు అమర్చుతారు. వెనుక వేరే వ్యాసం ఉన్న ఇనుప చక్రం వేస్తే ఆ నిష్పత్తి చెడి, ముందు యాక్సిలూ వెనుక యాక్సిలూ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. అలా వేయక తప్పనప్పుడు ముందు డ్రైవు తీసేసి నడపాలి.

మా ఊరి వెల్డరు రిమ్ముకే చెవులు అతికిస్తానంటున్నాడు. చేయించుకోవచ్చా?

టైరు రిమ్ము మీద ఉండగా ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. గాలి తీసేశాం కదా అన్నా వద్దు. వెల్డింగు వేడికి టైరు లోపలి రబ్బరు మరిగి మండే వాయువులు పుడతాయి, అవి మూసి ఉన్న చోట పేలతాయి. పేలినప్పుడు రిమ్ము ముక్కలు బుల్లెట్ల వేగంతో వస్తాయి. ఇలాంటి పేలుళ్లలో ప్రాణాలు పోయాయి. చెవులు అతికించక తప్పకపోతే టైరునూ ట్యూబునూ పూర్తిగా విప్పి, రిమ్మును విడిగా తీసుకెళ్లి అతికించి, చల్లారాక అంచులు నునుపు చేసి, రంగు వేసి, అప్పుడు టైరు ఎక్కించాలి. వీటన్నిటికన్నా రిమ్ము డిస్కు బోల్టులకే బిగిసే రకం చక్రాలు కొనుక్కోవడం మంచిది.

## బిగించేటప్పుడు

ఒక్కడినే బిగించుకోవచ్చా? ఏ వరుసలో బిగించాలి?

ఇద్దరు ఉండాలి, ఎందుకంటే దమ్ము చక్రం ఒరిగితే ఒక మనిషి ఆపలేడు. గట్టి, సమతల నేల మీద ట్రాక్టరు నిలిపి, వెనుక రొటావేటరు (బురదను కలియతిప్పే బ్లేళ్ల పరికరం) ఉంటే కిందికి దించి, ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లో చెక్క దిమ్మెలో పెట్టండి. వెనుక యాక్సిలు గొట్టం కింద జాకీ పెట్టి టైరు నేలను వదిలేంత లేపి, వెంటనే స్టాండో మందపాటి దుంగో ఆనించండి. జాకీ ఒక్కటే నమ్మి కింద చేయి పెట్టవద్దు. రిమ్ము మీదా చక్రం ఫ్లాంజి మీదా ఉన్న ఎండిన మట్టినీ తుప్పునూ వైరు బ్రష్షుతో గీకేయండి. మట్టి పొర మీద బిగించిన నట్టు మొదటి గంటలోనే వదులవుతుంది. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత ఎదురెదురుగా ఉన్నవాటిని ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తూ, టైరు నేలకు దించాక చివరి బిగువు ఇవ్వాలి. రెండు వైపులా పూర్తయ్యాక చక్రాన్ని ఒక చుట్టు తిప్పి, పట్టీ ఎక్కడైనా టైరు పక్కగోడకు గాని మడ్‌గార్డుకు గాని రాసుకుంటోందేమో చూడండి.

పట్టీల వాలు ఎటు ఉండాలో తెలియడం లేదు. కుడి ఎడమలు ఎలా గుర్తించాలి?

ముందు రబ్బరు టైరు సరిగా ఉందో చూడండి. ట్రాక్టరు వెనుక నిలబడి చూస్తే టైరు మీది గుళ్లు (ఉబ్బెత్తు రబ్బరు గట్లు) ఇంటి పైకప్పులా, మొన పైకి ఉన్నట్టు కనిపించాలి. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే అది ముందుకు తిరిగే దిశను చూపాలి. అప్పుడే మధ్య భాగం ముందుగా నేలను తాకి, బురదను రెండు పక్కలకూ నెట్టేస్తుంది. దమ్ము చక్రం పట్టీలు అడ్డంగా తిన్నగా ఉంటే కుడి ఎడమల తేడా లేదు. వాలుగా ఉంటే, టైరు వైపు ఉన్న కొస ముందు నేలను తాకి బయటి కొస తర్వాత తాకేలా బిగించాలి. తిరగేసి బిగిస్తే బురదంతా టైరుకూ చక్రానికీ మధ్య ఇరుక్కుని, అరగంటలో రెండూ కలిసి ఒక మట్టి డ్రమ్ము అయిపోతాయి.

బోల్టులు ఎంత బిగించినా వదులవుతున్నాయి. ఏం చేయాలి?

మొదటి గంట పని తర్వాత ఒకసారి, ఆ తర్వాత రోజూ పొద్దున్న ఒకసారి బిగించడం తప్పనిసరి. అయినా వదులవుతుంటే రంధ్రాలు సాగి ఉంటాయి, లేదా సైజు తక్కువ బోల్టు వేసి ఉంటారు. స్ప్రింగు వాషరు పాతబడితే కొత్తది వేయండి. రాడ్డు తగిలించి కాలితో తొక్కి బిగించడం అలవాటుగా ఉంది, అలా చేస్తే బోల్టు సాగి మరుసటి రోజు తెగుతుంది. మాన్యువల్‌లో ఇచ్చిన బిగువు అంకెకు టార్క్ రెంచితో బిగించండి.

క్లచ్ హౌసింగు కింద ఒక చిన్న ప్లగ్గు పెట్టమని కంపెనీ వాళ్లు ఇచ్చారు. అది దేనికి?

చాలా ట్రాక్టర్లకు క్లచ్ హౌసింగు అడుగున నూనె కారితే బయటికి పోవడానికి ఒక రంధ్రం ఉంటుంది. దమ్ములో అదే రంధ్రం గుండా బురద నీరు క్లచ్ ప్లేటు దాకా వస్తుంది. మడిలో దిగేముందు ప్లగ్గు బిగించాలి, దమ్ము సీజను కాగానే విప్పేయాలి. విప్పడం మరిచిపోతే లోపల కారిన నూనె బయటికి పోయే దారి లేక ప్లేటు నానిపోతుంది.

## గాలి పెట్టేటప్పుడు

దమ్ముకు వెనుక టైర్లలో ఎన్ని పాయింట్ల గాలి ఉండాలి?

మన దగ్గర వాడే ట్యూబు ఉన్న మామూలు వెనుక టైర్లకు పొలం పనిలో 12 పాయింట్లు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.84 కిలోలు, చాలా కంపెనీల మాన్యువల్‌లలో కనిపించే అంకె. మీ ట్రాక్టరు మాన్యువల్ వేరే అంకె చెబితే దాన్నే పాటించండి. ఈ అంకె వెనుక ఉన్న కారణం తెలిస్తే ఎవరూ ఎక్కువ పెట్టరు. మెత్తటి నేల మీద టైరు వేసే ఒత్తిడి దాదాపు దానిలోని గాలి ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. 12 పాయింట్లు ఉన్న టైరు పరుచుకుని ఎక్కువ నేలను పట్టుకుంటుంది, ఎక్కువ గుళ్లు ఒకేసారి పని చేస్తాయి. అదే టైరులో 24 పాయింట్లు పెడితే అది బిగుసుకుని, తక్కువ జాగా మీద నిలబడి, కత్తిలా దిగిపోతుంది. రోడ్డు పనికి పెట్టిన గాలితోనే మడిలోకి దిగడం వల్ల దిగబడ్డ ట్రాక్టర్లు మా దృష్టికి తరచుగా వస్తున్నాయి. హార్స్‌పవర్ తక్కువైందని పెద్ద ట్రాక్టరు కొనే ఆలోచన చేసేముందు గాలి చూసుకోవాలి.

ఎడమ, కుడి టైర్లలో గాలి సమానంగా ఉండాలి. తేడా ఉంటే ట్రాక్టరు ఒక పక్కకు వంగి, రొటావేటరు ఒక వైపు లోతుగా, ఒక వైపు పైపైన తిరుగుతుంది. మడి చదును కాదు.

ఇంకా తగ్గిస్తే ఇంకా పట్టు వస్తుంది కదా? 6, 7 పాయింట్లకు దించవచ్చా?

దించవద్దు. గాలి మరీ తగ్గితే టైరు అంచు రిమ్మును గట్టిగా పట్టుకోలేదు. ఇంజను లాగినప్పుడు రిమ్ము తిరుగుతుంది, టైరు వెనకబడుతుంది, మధ్యలో ఉన్న ట్యూబు వాల్వు మొదట్లో తెగిపోతుంది. మడి మధ్యలో వాల్వు తెగిన టైరు అంటే ఆ రోజు పని పోయినట్టే. టైరుకూ రిమ్ముకూ కలిపి ఒక తెల్ల రంగు గీత గీసి ఉంచండి. సాయంత్రం ఆ గీత విడిపోయి కనిపిస్తే టైరు జారుతోందని అర్థం, వెంటనే గాలి సరిచేయాలి. సగం చక్రాలు ఉన్నప్పుడు మరో నష్టం కూడా ఉంది: గాలి తగ్గితే టైరు కుంగుతుంది, పట్టీకీ నేలకూ మధ్య ఖాళీ పోతుంది, గట్టు ఎక్కగానే బరువు ఇనుము మీద పడుతుంది.

నీటిలో తేలుతూ బురదలోనూ నడిచే బండ్లకు మూడు నాలుగు పాయింట్ల గాలే పెడతారట. మరి ట్రాక్టరుకు ఎందుకు కుదరదు?

ఆ ఉభయచర వాహనాల నిర్మాణమే వేరు. ఆరు లేదా ఎనిమిది లావుపాటి చిన్న టైర్లు, ఒక్కో టైరు మీద పడే బరువు తక్కువ, నీరు చొరబడని పడవలాంటి అడుగు. అందుకే 2 నుంచి 5 పాయింట్ల గాలితో అవి నడుస్తాయి, చాలావాటికి టైర్ల మీదుగా చైను కూడా తొడుగుతారు. రెండు టన్నుల ట్రాక్టరు బరువులో ఎక్కువ భాగం రెండు వెనుక టైర్ల మీదే ఉంటుంది, ఆ టైర్లే రొటావేటరు భారాన్నీ మోయాలి. టైరు నిర్మాణం ఏ గాలికి తయారైందో ఆ గాలిలోనే అది బతుకుతుంది.

టైర్లలో నీళ్లు నింపించాం. దమ్ముకు ఉంచాలా, తీసేయాలా?

తీసేయాలి. పొడి నేలలో నాగలి, గొర్రు లాగేటప్పుడు బరువు మేలు చేస్తుంది. అందుకే వాల్వును పైకి పెట్టి ముప్పాతిక వంతు నీరు నింపుతారు. టైరు సైజును బట్టి ఒక్కో దానిలో 150 నుంచి 250 లీటర్ల వరకు పడుతుంది, అంటే అంతే కిలోల బరువు. బురదలో ఆ బరువంతా ట్రాక్టరును కిందికి తొక్కడానికే పనికొస్తుంది. వెనుక చక్రాలకు బిగించిన ఇనుప దిమ్మెలు కూడా విప్పేయండి. ముందు బంపరు మీది బరువులను మాత్రం విప్పవద్దు. వెనుక బరువైన రొటావేటరు వేలాడుతున్నప్పుడు ముందు చక్రాలను నేల మీద ఉంచేవి అవే.

ముందు టైర్లలో కూడా గాలి తగ్గించాలా?

అవసరం లేదు. టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ల చిన్న ముందు టైర్లకు సాధారణంగా 26 నుంచి 30 పాయింట్లు సరిపోతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ముందు టైర్లు పెద్దవి, లాగే పని కూడా చేస్తాయి కాబట్టి వాటికి మాన్యువల్ అంకె చూడండి.

గాలి షాపులో ఒక అంకె, మా గేజీలో ఒక అంకె వస్తోంది. ఏది నమ్మాలి?

లారీ టైర్లకు వాడే పెద్ద గేజీలు వంద దాటిన పాయింట్లు కొలవడానికి చేసినవి, 12 దగ్గర వాటి ముల్లు నమ్మదగినది కాదు. 0 నుంచి 30 పాయింట్ల వరకే చూపే చిన్న గేజీ ఒకటి సొంతంగా కొనుక్కోండి. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఈ గాలి దగ్గర పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు ఒక పాయింటు పెరుగుతుంది. కాబట్టి చలి పొద్దున పెట్టిన గాలి, మధ్యాహ్నం ఎండలో కాస్త ఎక్కువ చూపితే కంగారుపడి తీసేయవద్దు. గేజీ మీద కిలోల అంకెలు మాత్రమే ఉంటే, ఒక కిలో అంటే 14.2 పాయింట్లు.

## మడిలో దిగాక

చక్రం ఎంత జారితే ఎక్కువ జారినట్టు? లెక్క ఎలా కట్టాలి?

టైరు మీద ఒక సుద్ద గీత గీయండి. రొటావేటరును పైకెత్తి గట్టి నేల మీద నడుపుతూ చక్రం పది చుట్లు తిరిగేసరికి ఎంత దూరం వెళ్లిందో కొలవండి. తర్వాత మడిలో పని చేస్తూ అదే పది చుట్లకు ఎంత దూరం వెళ్లిందో కొలవండి. మొదటిది 40 మీటర్లు, రెండోది 30 మీటర్లు అయితే పది మీటర్లు జారింది, అంటే 25 శాతం. పొడి దుక్కిలో 10 నుంచి 15 శాతం జారుడు మామూలే. బురదలో అంతకన్నా ఎక్కువ ఉంటుంది, గాని నాలుగో వంతు దాటుతోందంటే డీజిలు మట్టిలో కలిసిపోతోంది. గాలి, పట్టీల మధ్య పేరుకున్న మట్టి, రొటావేటరు లోతు, ఈ మూడింటినీ వరుసగా సరిచూడండి.

ట్రాక్టరు దిగబడింది. మొదట ఏం చేయాలి?

యాక్సిలరేటరు వదిలేయాలి. చక్రం తిరుగుతూ ముందుకు కదలని ప్రతి క్షణం అది తన గోతిని తానే తవ్వుకుంటుంది. యాక్సిలు గొట్టం బురదను తాకిందంటే ఇక ఇంజను బలంతో బయటికి రాదు. ఆగి, పీటీఓ (రొటావేటరును తిప్పే డ్రైవు) తీసేసి, దిగి చూడండి. ఎంత లోతు దిగిందో, అడుగున గట్టి పొర ఉందో లేదో కర్రతో గుచ్చి తెలుసుకోండి. వచ్చిన దారి ఇప్పటికే గట్టి నేలను చూపించింది కాబట్టి రివర్సులో మెల్లగా రావడం మొదటి ప్రయత్నం కావాలి. కదలకపోతే రొటావేటరును విప్పేయండి; వెనుక వేలాడే ఆ బరువు తీసేస్తేనే సగం ఇబ్బంది తీరుతుంది. చక్రాల వెనుక బురదను పారతో ఏటవాలుగా తవ్వి, గట్టి పలకలో కర్రల కట్టలో పరిచి మళ్లీ ప్రయత్నించండి.

అప్పటికీ రాకుంటే మరో ట్రాక్టరును గట్టి నేల మీద నిలబెట్టి లాగించాలి. లాగే ట్రాక్టరుకు తాడును వెనుక కింద ఉండే డ్రాబారుకే (లాగుడు కడ్డీకే) కట్టాలి. టాప్ లింకు దగ్గర గాని సీటు కింద గాని ఎత్తులో కడితే లాగే ట్రాక్టరు ముందు భాగం లేచి వెనక్కి తిరగబడుతుంది. తాడు పొడవుగా, మంచిదై ఉండాలి. మెల్లగా బిగించి లాగాలే తప్ప జెర్కు ఇవ్వకూడదు. చుట్టూ చూడటానికి వచ్చినవాళ్లను, ముఖ్యంగా పిల్లలను, తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబెట్టండి. తెగిన వైరు తాడు కాళ్లను తీసుకుపోతుంది.

వెనుక చక్రాలకు దుంగ కట్టి లాగిస్తే బయటికి వచ్చేస్తుందని అందరూ చేస్తున్నారు. చేయవచ్చా?

దయచేసి చేయవద్దు. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తు పెట్టుకుంటామంటే ఇది గుర్తు పెట్టుకోండి. దుంగ చక్రాలకు అడ్డుపడగానే చక్రాలు తిరగలేవు, ఇంజను బలం మాత్రం ఆగదు. చక్రం తిరగలేనప్పుడు ఆ బలం ట్రాక్టరు శరీరాన్నే యాక్సిలు చుట్టూ తిప్పుతుంది. ముందు చక్రాలు లేచి, ట్రాక్టరు వెనక్కి తిరగబడి, స్టీరింగు డ్రైవరు ఛాతీ మీద పడుతుంది. ముందు భాగం లేవడం మొదలైనప్పటి నుంచి పూర్తిగా తిరగబడటానికి సుమారు ఒకటిన్నర సెకను చాలు. వెనక్కి రాలేని స్థితి అంతకన్నా ముందే, ముప్పావు సెకనులోనే వచ్చేస్తుంది. ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా ఆ వ్యవధిలో క్లచ్ తొక్కలేడు. పక్క ఊళ్లో పదిసార్లు దుంగ కట్టి బయటికి తీశారన్నది నిజమే కావచ్చు, పదకొండోసారి అడుగున గట్టి పొర తగిలితే ఏమవుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. పంటకు ఒక రోజు ఆలస్యం అయినా సరే, రెండో ట్రాక్టరు వచ్చేదాకా ఆగండి.

మడి నుంచి మడికి గట్టు ఎలా దాటించాలి?

నిటారుగా ఉన్న గట్టును రొటావేటరు ఎత్తి ముందుకు ఎక్కించడం వెనక్కి పడటానికి నేరుగా దారి. గట్టును పారతో కొద్దిగా వాలుగా కోసి, లో గేరులో, తిన్నగా ఎక్కించండి. వాలు తప్పనప్పుడు రివర్సులో ఎక్కడం భద్రం. పక్కవాటంగా దాటితే ఒక వైపు దమ్ము చక్రం గాలిలో లేచి ఒరుగుతుంది.

డిఫరెన్షియల్ లాక్ ఎప్పుడూ వేసి ఉంచవచ్చా?

లేదు. రెండు వెనుక చక్రాలనూ ఒకే వేగంతో తిప్పించే ఈ లాకును ఒక చక్రం మాత్రమే జారుతున్నప్పుడు, తిన్నగా వెళ్తున్నప్పుడే వేయాలి. మలుపుకు ముందు వదిలేయాలి.

దమ్ము చక్రాలు ఉన్నాయి కదా, వాగులో నీరు ఉన్నా దాటించవచ్చా?

వద్దు. గాలి నిండిన పెద్ద టైర్లు నీటిలో ట్రాక్టరు వెనుక భాగాన్ని పైకి తేలుస్తాయి. తేలిన చక్రానికి నేల మీద పట్టు ఉండదు, ప్రవాహం పక్కకు నెట్టేస్తుంది. కొండల మీద వాన పడితే మహేంద్రతనయలోనూ వంశధారలో కలిసే చిన్న గెడ్డల్లోనూ నీరు కళ్ల ముందే పెరుగుతుంది.

## రోడ్డు ఎక్కేటప్పుడు

పక్క ఊరే కదా, దమ్ము చక్రాలతోనే తారు రోడ్డు మీద వెళ్తే ఏమవుతుంది?

రోడ్డు పోతుంది. ఎండకు మెత్తబడిన తారును ఇనుప పట్టీలు కోసేస్తాయి, ఆ కోతల్లో మొదటి వానకే నీరు దిగుతుంది, దసరా నాటికి అది గుంత అవుతుంది. గ్రామాలకు వేసిన సన్నని రోడ్లు ఇలాగే పాడవుతున్నాయి, వాటి మీదే మన ధాన్యం మార్కెట్టుకు వెళ్లాలి. నేరం కూడా అవుతుంది. పోలీసులు జరిమానాలు వేసి, ట్రాక్టర్లు స్వాధీనం చేసుకుంటున్నారు. నరసన్నపేట నుంచి పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా మోహన వెళ్లే 326ఎ జాతీయ రహదారి దాటాలన్నా సరే, చక్రాలు విప్పి ట్రాలీలో వేసుకుని దాటండి. పైగా పక్క చక్రాలతో ట్రాక్టరు వెడల్పు పెరిగి, చీకటిలో ఎదురు వచ్చే మోటారు సైకిలు వాళ్లకు ఆ పట్టీలు కనిపించవు.

దమ్ము అయ్యాక ధాన్యం ట్రాలీ లాగాలి. గాలి మార్చాలా?

తప్పకుండా మార్చాలి. బరువున్న ట్రాలీ లాగుతూ రోడ్డు వేగంతో వెళ్లేటప్పుడు 12 పాయింట్ల టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ మడత పడి వేడెక్కుతుంది, గుళ్లు అరిగిపోతాయి. వెనుక టైర్లలో 16 నుంచి 20 పాయింట్ల మధ్య, మాన్యువల్ సూచించిన అంకెకు పెంచండి. ట్రాలీ టైర్ల గాలి వేరు, వాటి పక్కన రాసిన అంకె చూడండి.

## కోతలకు చైన్ హార్వెస్టరు వచ్చినప్పుడు

టైరు మిషనుకు అద్దె తక్కువ. చైన్ మిషనే ఎందుకు పిలవాలి?

మడి ఆరి ఉంటే టైరు మిషనే పిలవండి, డబ్బు మిగులుతుంది. తడి ఆరని మడిలో మాత్రం చైన్ మిషను బరువును రెండు పొడవాటి రబ్బరు పట్టాల మీద పరుస్తుంది కాబట్టి నేల నిలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తింది. అలాంటి అక్టోబరు వానలు మన ప్రాంతానికి కొత్త కావు, ఆ తర్వాత కోత వేళకు మడులు ఆరవు. తడి మడిలో టైరు మిషను చేసిన లోతైన చక్రాల గాడులు గట్టి పొరను చీల్చి, వచ్చే దమ్మును కూడా పాడుచేస్తాయి.

చైన్ ఎంత బిగువుగా ఉండాలి?

మిషనును గట్టి నేల మీద లేపి, చైను గాలిలో వేలాడుతున్నప్పుడు, అడుగున మధ్య రోలరుకూ చైనుకూ ఎంత ఖాళీ ఉందో చూసి, మాన్యువల్‌లో ఇచ్చిన మిల్లీమీటర్లకు సరిచేయాలి. రెండు వైపులా ఒకేలా ఉండాలి, లేకుంటే మిషను ఒక పక్కకు లాగుతుంది. వదులైతే మలుపులో స్ప్రాకెట్ పళ్ల మీది నుంచి జారి ఊడిపోతుంది. మరీ బిగిస్తే బేరింగులు, రోలర్లు త్వరగా అరిగి, ఇంజను బలం అక్కడే ఖర్చయిపోతుంది. సరిచేసే ముందు స్ప్రాకెట్ దగ్గర పేరుకున్న మట్టి కడిగేయండి, ఆ మట్టి ఉన్నంతసేపు చైను ఉన్నదానికన్నా బిగువుగా కనిపిస్తుంది. గ్రీజుతో బిగించే రకం అయితే వదులు చేసేటప్పుడు వాల్వుకు ఎదురుగా ముఖం పెట్టవద్దు, లోపలి గ్రీజు విపరీతమైన ఒత్తిడితో చిమ్ముతుంది.

బిగువు సరిగానే ఉంది, అయినా చైన్ ఊడుతోంది. కారణం ఏమిటి?

ఎక్కువగా నడిపే పద్ధతి. గట్టు మీద నిలబడి చోటు మీదే తిప్పడం, గట్టును పక్కవాటంగా దాటడం, రాళ్ల మీద మలుపు తీయడం మానాలి. గట్టును ఎప్పుడూ నిలువుగా దాటి, మలుపులు మడి మధ్యలో వెడల్పుగా తీసుకోవాలి. ఇవన్నీ సరిగా ఉన్నా ఊడుతుంటే స్ప్రాకెట్ పళ్లు అరిగి మొనదేలాయేమో, చైను లోపలి ఉక్కు తీగలు బయటపడ్డాయేమో చూడండి.

## సీజను ముగిశాక

దమ్ము చక్రాలూ టైర్లూ ఎలా దాచాలి?

ఎరువు కలిసిన మడి నీరు ఇనుమును త్వరగా తింటుంది కాబట్టి విప్పిన రోజే చక్రాలను కడిగి ఆరబెట్టండి. పగిలిన వెల్డింగులు, వంగిన పట్టీలు అప్పుడే బాగు చేయించి రంగు వేయండి. జూన్‌లో వెల్డరు దొరకడు. బోల్టులకు నూనె రాసి ఒకే డబ్బాలో, ఆ చక్రానికే కట్టి ఉంచండి. టైర్ల మీదా రబ్బరు చైను మీదా డీజిలు, గ్రీజు పడితే తుడిచేసి నీడలో ఉంచండి. వెనుక యాక్సిలు నూనె ప్లగ్గు కొద్దిగా వదులు చేసి రెండు చుక్కలు చూడండి. పాలలా తెల్లగా ఉంటే సీలు దాటి నీరు చేరిందని అర్థం, ట్రాక్టరును మళ్లీ పనికి పంపేముందు సీలు, నూనె రెండూ మార్పించాలి.